మూడో అతుకు

రామన్నపేట దగ్గరి ఒక నేతగాళ్ల ఊళ్లో ఇప్పటికీ పిల్లలకు చెప్పే కథ ఇది: తమ ఊరి లెఫ్టినెంట్ సత్యనారాయణ తుపాకీతో శత్రువుల మీదికి దూకి, పదిమందిని చంపి ప్రాణం విడిచాడని. అబద్ధం. చెప్పేవాళ్లకు కోపం వస్తే రానీయండి. ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. రాసింది నేనే.

అది 1966. నల్గొండలో సైనికుల కుటుంబాల వ్యవహారాలు చూసే చిన్న ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. అక్కడ బి.ఏ. చదివింది నేనొక్కతెనే కాబట్టి ఇంగ్లీషు కాగితాలను తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. ముందటేడు పాకిస్తాన్ యుద్ధంలో చనిపోయిన సత్యనారాయణకు శౌర్య పతకం ప్రకటించారు. పతకంతో పాటు సైటేషన్ వస్తుంది. ఆ మనిషి ఏం చేసినందుకు పతకమిచ్చారో చెప్పే అర పేజీ కాగితమది. ఊళ్లో స్మారక శిల వేస్తున్నారు, దాని మీద చెక్కడానికి తెలుగులో రాసివ్వమన్నారు.

మా ఆఫీసులో ఒక అలవాటుండేది. కొత్తది రాయాలంటే పాత ఫైలు తీసి, పేరు మార్చి దించేయడమే. నేనూ అదే చేశాను. సైటేషన్‌ను పైపైన చూసి పక్కన పెట్టి, పాత ఫైలులోని వాక్యం ఎక్కించాను: "శత్రువులను తుపాకీతో తుదముట్టించి వీరమరణం పొందెను." పదిమంది అన్న లెక్క మాత్రం నాది కాదు, ఊరివాళ్లు కలుపుకున్నది.

వారం తర్వాత సత్యనారాయణ తండ్రి అంజయ్య, ఊరి సర్పంచ్ కలిసి వచ్చారు. అంజయ్య మగ్గం పనివాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బిడ్డా, శిల మీద చెక్కేది నాకు చదివి వినిపించిండ్రు. మావోడు కోడిని కోస్తుంటే గూడ ఆడ నిలవడకపోయేటోడు. గదంత నిజమేనా? అసలు కాగితంల ఏమున్నదో జర చదువు."

ఈసారి ఒక్క వాక్యం వదలకుండా చదివి తెలుగులో చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అందులో అతను తుపాకీ పేల్చిన ఊసే లేదు. ముందున్న కందకానికీ వెనకున్న ఫిరంగులకూ మధ్య వేసిన టెలిఫోన్ తీగ గుండ్ల దెబ్బకు మూడు చోట్ల తెగింది. తీగ బాగుచేసే జవాను గాయపడ్డాడు. అప్పుడు సత్యనారాయణే పాక్కుంటూ వెళ్లాడు. ఎడమచెయ్యి దెబ్బతిన్నా, కుడిచేతి వేళ్లతోనే రెండు చోట్ల అతికాడు. మూడో చోట చనిపోయి కనబడ్డాడు.

సర్పంచ్ మొహం చిట్లించాడు. "తీగె అతికిండని చెక్కిస్తే మనోన్ని కరెంటాయన అనుకుంటరమ్మా. పదిమందిని చంపిండని ఊరంత చెప్పుకుంటున్నరు, ఉన్నది ఉండనీ. సగం చెక్కుడు గూడ అయింది. వచ్చే వారమే సభ."

"పదిమందిని చంపుతుంటే మీరు పోయి చూసొచ్చిండ్రా సర్పంచ్ సాబ్?" అన్నాను.

"మరి నువ్వు చూసొచ్చి రాసినవా?"

సైటేషన్ కాగితాన్ని ఆయన ముందుకు జరిపాను.

అంజయ్య మా ఇద్దరి మాటలూ వినడం లేదు. "ఒంటి చేత్తోనేనా?" అన్నాడు. భుజం మీది తువ్వాలలోంచి రెండు పోగులు లాగాడు. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే పాత కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. ముడి వెయ్యరు. అంజయ్య ఒక చేతి రెండు వేళ్ల మధ్య ఆ కొసలు కలిపి మెలితిప్పాడు.

"గుంజు బిడ్డా."

గుంజాను. ఊడలేదు.

"ఎనిమిదేండ్లప్పుడు నేర్పిన. గీ పని నాతోని గాదని సదువుకు పోయిండు. మరిచిపోయిండనుకున్న." ఆయన సర్పంచ్ వైపు తిరిగాడు. "నా కొడుకు చేసిందే రాయిండ్రి. లేకుంటే నేను సభకు రాను. గా శిల మీది మనిషెవడో నాకు తెల్వదు."

తండ్రి లేకుండా సభ ఎట్లా చేస్తారు? సర్పంచ్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. రాతి పనివాడు బండను తిరగేసి రెండో వైపు చెక్కాడు. సభకు నేనూ వెళ్లాను. శిల మీద నిజం ఉంది. మైకులో మాత్రం సర్పంచ్ పాత కథే చెప్పాడు. జనానికి అదే చెవికెక్కింది.

తర్వాత నా ఉద్యోగంలో పాత ఫైలు చూసి ఒక్క వాక్యం దించలేదు. ఆలస్యమని పైవాళ్లు విసుక్కున్నారు, విసుక్కోనీ. వీరుడంటే ఇట్లా ఉండాలని మనకు ముందే ఒక బొమ్మ ఉంటుంది. చచ్చినవాణ్ని అందులో ఇరికించడం సుళువు. వాడు లేచొచ్చి కాదనడు కదా.

ఆ రోజు మా ఆఫీసు నుంచి వెళ్లిపోతూ అంజయ్య గడప దగ్గర ఆగి అడిగాడు: "మూడోది అతికినంక పోయిండా బిడ్డా, అతుకకముందే పోయిండా?"

పటాలానికి రెండుసార్లు ఉత్తరం రాశాను. టెలిఫోన్ మళ్లీ పనిచేసిందని మాత్రమే జవాబొచ్చింది, మూడో అతుకు ఎవరు వేశారో అందులో లేదు. చదివి వినిపిస్తే ఆయన, "అతికే ఉంటడు" అని ఊరుకున్నాడు. నాకది చాలలేదు, ఇప్పటికీ చాలదు. తీగ బాగుచేసే జవాన్లయితే ముడి వేసి అతుకుతారట. యుద్ధం అయ్యాక ఆ తీగను చుట్టి తెచ్చినవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. వాళ్లు చెప్పాలి: ఆ మూడో అతుకు ముడి వేసి ఉందా, మెలిపెట్టి ఉందా?