అన్న కొన్న విమానం

మూడో రోజు పిట్టకు పెట్టిన చోట ఉన్నవాళ్లు: చనిపోయిన అన్నకు తండ్రైన మా పెద్దబాపు, మా బాపు, అన్న మేనమామ, పాలివాళ్లు నలుగురు, నేను. ఆడవాళ్లు అన్న తల్లిని, మా పెద్దమ్మను, మధ్యలో కూర్చోబెట్టుకుని కాస్త దూరంగా ఉన్నారు. ఉన్న వస్తువులు: మోదుగాకు విస్తరి, అన్నం, కోడికూర, ఉడికించిన గుడ్డు, మిర్చిబజ్జీలు, ఒక సిగరెట్టు, గ్లాసులో చాయ్. కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నాయి. దిగలేదు.

మా దగ్గర పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి.

"మీ అవ్వను మంచిగ చూసుకుంటం బిడ్డా, తిను," అన్నాడు మేనమామ.

"దుకాణం నీ పేరు మీదనే నడిపిస్తం," అన్నాడు మా బాపు.

కాకులు కదల్లేదు. "చాయ్‌ల చక్కెర తక్కువైనట్టుంది," అని గొణిగాడు పాలివాళ్లలో ఒకాయన. "నీకు గిప్పుడు గూడ పరాచికమేనానే?" అని మేనమామ కసిరాడు.

చివరికి పెద్దబాపు వచ్చి విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. సిద్దిపేట బజారులో స్టీలు గిన్నెల దుకాణం ఆయనది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"నీ ఇమానం నేను తయారు జేపిస్త. ఎగిరేపిస్త. సంవత్సరీకం లోపల్నే. మాట."

ఒక కాకి దిగి గుడ్డును పొడిచింది. తర్వాత అందరూ నా వైపు చూశారు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాను.

విమానం కథ ఇది. అన్నకు చిన్నప్పటి నుంచీ వాటి పిచ్చి. హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే బజారులో రేడియోతో నడిచే ఒక పెద్ద బొమ్మ విమానం దొరికితే కొని, అట్టపెట్టెలో పెట్టి స్కూటర్ వెనక కట్టుకుని వస్తున్నాడు. గజ్వేల్ దాటాక లారీ గుద్దింది. పోలీసులు పంచనామాలో "పిల్లల బొమ్మ విమానం, విరిగినది, ఒకటి" అని రాసి, నుజ్జయిన స్కూటర్‌తో పాటు ఆ పెట్టె కూడా ఇచ్చారు.

పెట్టెలో ఉన్నవి: మొండెం, రెండు ముక్కలైన రెక్క, తోక మీద నిలువుగా నిలబడే రేకు, చిన్న ఇంజను, చేతిలో పట్టుకుని నడిపే ట్రాన్స్‌మిటర్, మొండెంలో ఉండే రిసీవర్, తోకను కదిలించే, ఇంజను వేగం మార్చే బుల్లి మోటార్లు మూడు, ఒక చక్రం. లేనివి: తోకకు అడ్డంగా ఉండే పలక, ముక్కు ముందు తిరిగే పంకా, ఇంజను ప్లగ్గు, రిసీవర్‌ను ట్రాన్స్‌మిటర్‌తో కలిపే క్రిస్టల్, రెండో చక్రం. పేరు లేదు, పటం లేదు, కొలతల కాగితం లేదు.

ముందు తేల్చాల్సింది ఒకటే. లేనివాటిలో బజారులోనే లేనివి ఏవి, రోడ్డు మీద పోయినవి ఏవి? విరిగిన చోట్లన్నీ భూతద్దంతో చూశాను. పాత విరుపుల్లో విమానం చేసిన తేలిక కర్ర ఇంజను నూనె తాగి గోధుమరంగుకు తిరిగింది. కొత్త విరుపులు తెల్లగా ఉన్నాయి. రెక్క విరుపు తెల్లగా ఉంది. తోక పలక ఊడిన చోటు కూడా తెల్లగానే ఉంది. పక్కన నిలబడ్డ పెద్దబాపు అడిగాడు.

"తెల్లగుంటె ఏందిరా?"

"అన్న కొన్నప్పుడు అది ఉన్నదన్నట్టు, పెద్దబాపు. పడ్డప్పుడు పోయింది."

మర్నాడు ఇద్దరం గజ్వేల్ బస్సెక్కాం. లారీ గుద్దిన చోట గాజు పెంకులు ఇంకా ఉన్నాయి. పెద్దబాపు వంగి రోడ్డు పక్క గడ్డి వెతుకుతుంటే ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఆమె కేకేసింది.

"ఏం పోయిందే పెద్దమనిషి? బంగారమా?"

"ఒక చెక్క పలక అవ్వా. గింత పొడుగుంటది, పల్చగ."

ఆమె పొయ్యి దగ్గర నుంచి చెయ్యి పైకెత్తింది. చేతిలో ఉన్నది తోక పలకే. ఒక కొన కమిలింది. "గిదేనా? గిది మస్తు మంచిగుందే. తాటాకు ఇసనకర్ర దీని ముందర దండుగ. నేనైతే ఇయ్య."

నేను చెప్పాను, ఇక్కడ స్కూటర్ మీద పోయిన పిలగాడిదని. ఆమె పలకను కొంగుతో తుడిచి రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది. "నేనే నోటికి నీళ్లు పట్టిన," అంది. "తాగలేదు." ఆ తర్వాత మాకు చాయ్ పోసింది. పెద్దబాపు ఆ గ్లాసు ముట్టుకోలేదు.

మసి తుడిస్తే పలక అడుగున సగం చిరిగిన ఒక స్టిక్కరు బయటపడింది. తోక ఆకారాన్ని, రెక్కలోని అడ్డపట్టీల మధ్య దూరాన్ని కొలుచుకుని కాలేజీ లైబ్రరీకి వెళ్లాను. అక్కడ పాత ఇంగ్లీషు పత్రికల్లో విమానాల బొమ్మలు ఉండేవి. ఒకదానితో అన్ని కొలతలూ కలిశాయి, స్టిక్కరు మీది అక్షరాలు కూడా. రెక్క మొండెం పైన ఉంటుంది, దాని అడుగు చదునుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన విమానం. చేతులు వదిలేసినా దానంతట అదే సర్దుకుంటుందని రాసి ఉంది. అన్నకు ఆ సంగతి తెలిసే కొన్నాడో, దొరికింది కదా అని కొన్నాడో తెలియదు.

క్రిస్టల్, ప్లగ్గు, పంకా సికింద్రాబాద్‌లో దొరికాయి. చక్రాన్ని హవాయి చెప్పు నుంచి కోశాను. తోకను కదిలించే కడ్డీకి సైకిల్ పుల్ల వాడాను. రెక్కను మొండేనికి కట్టే రబ్బరు పట్టీలు సైకిల్ ట్యూబు నుంచి వచ్చాయి. రెక్క అతికించడానికి చాలా వారాలు పట్టింది. పెద్దబాపు దుకాణం మూసి వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు. పెద్దమ్మ మాత్రం గడప దగ్గర నిలబడి ఒక్కటే అడిగేది.

"అయితదా బిడ్డా? కాకుంటె వాడు గట్లనే తిరుగుతడు గదా."

"అయితది పెద్దమ్మా."

అన్నీ బిగించాక బరువు చూశాను. రెక్క కింద, ముందంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర రెండు వేళ్లు పెట్టి లేపితే విమానం అటూ ఇటూ వాలకుండా నిలవాలి. తోక వాలింది. అతుకుల జిగురు బరువు అది. ముక్కులో నలభై గ్రాముల సీసం పెడితే సరిపోయింది.

"తక్కెడ లెక్కనేనారా?" అన్నాడు పెద్దబాపు. స్టీలు గిన్నెలు తూకానికే అమ్ముతారు.

"తక్కెడనే. తోక బరువైతే లేసుడు లేస్తది, ఆగదు. ముక్కు ఎత్తుకుంట పోయి ఎనకకు పడ్తది."

ఆయన కూడా రెండు వేళ్ల మీద ఎత్తి చూశాడు. నిలబడింది. అలాగే చాలాసేపు పట్టుకున్నాడు.

చింతమడక దారిలో ఒక చెరువు ఆ ఎండాకాలం పూర్తిగా ఎండింది. దాని అడుగు గట్టిగా, చదునుగా ఉంది. ఎవరికీ చెప్పకుండా ఒక ఆదివారం అక్కడ పరుగెత్తించి చూశాను. మనిషెత్తు లేచి, తిన్నగా వెళ్లి, తిన్నగా దిగింది. నాకు నడపడం రాదు. ఆ విమానానికి వచ్చు.

సంవత్సరీకం ముందు రోజు పొద్దున అందరూ అక్కడికి వచ్చారు. పెద్దమ్మ ముక్కుకు బొట్టు పెట్టింది, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టించింది. గాలి లేదు. నేను నీళ్లు తాగడానికి సైకిల్ దగ్గరికి వెళ్లి వచ్చి, రెక్క ఎక్కించి పట్టీలు కట్టాను. ఇంట్లో తూచాను కదా అని మళ్లీ తూచలేదు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. వదిలాను.

తొందరగా లేచింది. ముక్కు పైకెత్తింది, ఇంకా ఎత్తింది. ట్రాన్స్‌మిటర్ మీద ముక్కును కిందికి దించే పుల్లను చివరిదాకా నెట్టాను. ఒప్పుకోలేదు. తాటిచెట్టంత ఎత్తున ఒక క్షణం నిలబడి, తోక మీద జారి, తిరగబడి ముక్కుతో నేలను గుద్దింది. చప్పుడు ఆలస్యంగా వినిపించింది.

పెద్దబాపు పరుగెత్తలేదు, నడిచే వెళ్లాడు. నేను చేరేసరికి వంగి ఉన్నాడు.

"లేసింది గదారా? నువ్వు చూసినవ్ గదా?"

"లేసింది, పెద్దబాపు."

"గంతే చాలు."

చీలిన మొండెం తోకలోకి చెయ్యి పెట్టి చిన్న గుడ్డమూట తీశాడు. విప్పాడు. అన్న చేతి గడియారం, స్టీలు చైనుది. అద్దం గజ్వేల్ దగ్గరే పగిలింది.

"దవాఖానల నా చేతికిచ్చిన్రు," అన్నాడు. "నువ్వు నీళ్లకు పోయినప్పుడు తోక లోపలికి నూకిన. చప్పుడు గాకుంట గుడ్డ సుట్టిన. వాడు ఎక్కకుంటె మాట ఎట్ల తీరుతది?"

నేను గడియారాన్ని చూశాను, తోకను చూశాను.

"మరి ఎందుకు పడ్డదిరా?"

ఆయన చేతుల మీదుగా రోజూ తక్కెడ నడుస్తుంది. ఒక్క మాట చెబితే మొత్తం అర్థమయ్యేది.

"గాలి, పెద్దబాపు," అన్నాను. "పైన గాలి ఎక్కువుంది."

తలూపాడు. దూరంగా పెద్దమ్మ నిలబడినచోటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

మర్నాడు విస్తరి పెట్టగానే కాకి వచ్చింది. ఎవరూ ఏ మాటా ఇవ్వాల్సిన పని లేకపోయింది. నేను కాలేజీకి బయలుదేరుతుంటే పెద్దబాపు బస్టాండు దాకా వచ్చి ఆ గడియారం నా జేబులో పెట్టాడు. కష్టపడ్డావు, నువ్వే ఉంచుకో అన్నాడు.

కాలేజీ ప్రయోగశాలలో సున్నితపు తక్కెడ ఉంది. ఎవరూ లేనప్పుడు గుడ్డతో సహా దాన్ని పళ్లెంలో పెట్టాను. ఎనభై నాలుగు గ్రాములు.