బొగ్గుల మీద సాక

మా బావ సంగప్పకు 'కొంచెం' అనే మాట తెల్వదు. చారుల ఉప్పు తక్కువైందంటే పిడికెడు ఏస్తడు. తొవ్వ అడిగినోన్ని ఊరు దాటించి, బస్సెక్కించి గానీ ఎనుకకు రాడు. మా ఊరు లక్డారంల మాకు పొలాలున్నయి గానీ, బావ చానా ఏండ్ల సంది గడ్డపోతారం మందుల కంపెనీల బాయిలర్ కాడ పని చేస్తుండు. ఆడ గూడ గంతే. దసరాకు బాయిలర్‌కు పసుపు పెట్టమంటే మీటర్లు కనబడకుంట పూసిండు.

గసొంటి మనిషిని తీస్కపోయి కాబోయే వియ్యంకుని ముందట కూసోబెట్టాల్సొచ్చింది. భయం కాదా మరి!

సంగతేందంటే, బావ బిడ్డ, నా మేనకోడలు రవళి, గదే కంపెనీ ల్యాబ్‌ల చేసే దుర్గాప్రసాద్ ఒకలనొకలు ఇష్టపడ్డరు. పిల్లగాని నాయిన నరసరాజు గారు భీమవరం దిక్కు నుంచి సర్కారు ఫ్యాక్టరీ నౌకరీకి వచ్చి, ఈడ్నే ఇల్లు కట్టుకున్నడు. ఆయన అటు ఊ అనడు, ఇటు ఊహూ అనడు. "ముందు పిల్ల తండ్రితో ఓసారి కూర్చోవాలి, మనిషి ఎలాంటివాడో చూడాలి" అన్నడట. పటాన్‌చెరు చౌరస్తా బార్‌ల కొత్తగ వానాకాలం గ్రిల్ మెనూ పెట్టిన్రని, జాగా గూడ ఆయనే చెప్పిండు.

బయల్దేరేటప్పుడు రవళి వాళ్ల నాయిన అంగీ సవరించుకుంట, "నాయినా, నీకు దండం పెడ్త, ఏం చేసినా జెరంత చెయ్యి. ఆయన వద్దన్నడంటే దుర్గ ఆయన మాట దాటడు" అన్నది. నా దిక్కు తిరిగి, "మామా, నువ్వు పక్కపొంటే కూసో" అన్నది. పిల్ల కండ్లల్ల నీళ్లు చూసి, సరేనని నెత్తి మీద చెయ్యి పెట్టిన.

మేం పోయేసరికే నరసరాజు గారు వచ్చి కూసున్నడు. ఇస్త్రీ చొక్కా, మెలేసిన మీసం. ఆ మీసం గురించి ఏం చెప్పాలె! నల్లగ నిగనిగలాడుకుంట రెండు దిక్కులా చెంపల దాక పోయింది. దాన్ని ఓసారి దువ్వినంకనే నోట్లకెంచి మాటొస్తది.

టేబుల్ నడుమ గుంత, గుంతల ఎర్రటి బొగ్గులు, వాటి మీద కడ్డీలు. ఎవల కడ్డీ వాళ్లే తిప్పుకోవాలె. కొర్రమీను ముక్కలు, మక్కకంకులు, ఆఖరికి పైనాపిల్ గూడ కడ్డీకి గుచ్చి పెట్టిన్రు.

"అరె మల్లేష్, పండును కాలుస్తున్నరేందిరా! హోటల్‌కొచ్చి గూడ వంట మనమే చేసుకునుడా?" అన్నడు బావ. నేను టేబుల్ కింద కాలు తొక్కిన.

నరసరాజు గారు నవ్విండు. "వానాకాలం కదండీ, వేడివేడిగా బావుంటుందని. ఆ చేప తిప్పండి, మాడుతోంది."

బావ చేప తిప్పిండు. జెరంతే తిప్పిండు. జెరంతే నవ్విండు, జెరంతే మాట్లాడిండు. ఈయన మా బావేనా అని నాకే అనుమానమొచ్చింది. ఇగ గట్టెక్కినం అనుకున్న.

గ్లాసులొచ్చినయి. మా దిక్కు తాగే ముందు వేలు ముంచి రెండు చుక్కలు భూమ్మీద చల్లుతం, పోచమ్మకు, పోయిన పెద్దలకు. సాక అంటం. అది కాంది గుటక దిగది. బావ కిందికి చూసిండు. తళతళ మెరిసే టైల్స్. గలీజైతయని ఆగిండు. పాపం, మర్యాద చూడబోయిండు! ముందట బొగ్గులు కనబడ్డయి. రెండు చుక్కలైతే ఏం కాకపోతుండె. "తల్లీ, నా బిడ్డ పెండ్లి సంగతి, సల్లంగ చూడు" అనుకుంట నీళ్లు కలపని విస్కీ గ్లాసుకు గ్లాసు వంచిండు.

సరిగ్గ అప్పుడే నరసరాజు గారు కొర్రమీను వాసన చూద్దామని వంగిండు.

భగ్గుమన్నది!

"ఓరి నాయనోయ్!" అని ఆయన ఎనుకకు పడ్డడు. మీసం కొస అంటుకొని చుర్రుమంటున్నది. కంపెనీల మంటలార్పే పోటీల ఏటేటా ప్రైజు కొట్టే మా బావ, ఖాళీ గ్లాసు పట్టుకొని నోరు తెరుసుకొని నిలబడ్డడు. నా చేతికి పుదీన చట్నీ గిన్నె దొరికింది. ఎత్తి ఆయన మొహాన కొట్టిన.

మంట ఆరింది. పచ్చటి మొహంలకెంచి రెండు కండ్లు మమ్మల్ని చూస్తున్నయి. తుడుచుకున్నంక చూస్తే కుడిదిక్కు మీసం అట్లనే ఉన్నది, ఎడమదిక్కుది లేనే లేదు. తోలు కాలలే, గదొక్కటి నయం.

"ఏంటండీ ఇది?" అన్నడు.

"సాక" అన్నడు బావ, ఏడుపు గొంతుతోని. "మా పోచమ్మకు. మీ పిల్లగాడు మా ఇంటికి అల్లుడు కావాలెనని."

ఆయన ఎడమచెంప తడుముకున్నడు, లేచి బయటికి నడిచిండు. రవళికి ఏం మొహం చూపియ్యాలె?

రోడ్డుకు అటుపక్క మంగలి షాపున్నది. నరసరాజు గారు సీదా పోయి కుర్చీల కూసున్నడు. కండ్లు గట్టిగ మూసుకొని, "మిగిలింది కూడా తీసెయ్యి బాబూ" అన్నడు. ఎనుకనే ఉరికొచ్చిన మా బావ పక్క కుర్చీల కూలబడ్డడు.

"నాది గూడ తియ్యి" అన్నడు. వాళ్ల నాయిన పోయినప్పుడు తీసిందే, మల్ల ఎన్నడూ మీసానికి కత్తి తాకనియ్యలే బావ.

నరసరాజు గారు కండ్లు తెరిచిండు. "మీదెందుకండీ?"

"పెండ్లి ఫోటోలల్ల మీరొక్కలే గట్ల ఉంటే బాగుంటదా, బావగారూ?"

నేను నెత్తి పట్టుకున్న. ఆయనింక ఊ అననే లేదు, ఈయన ఫోటోల దాక పోయిండు!

మంగలాయన మిగిలింది గీకేసినంక నరసరాజు గారు అద్దంల తన బోడి మూతిని చూసుకున్నడు. పక్కన నురగ పూసుకొని చేతులు జోడించి కూసున్న మా బావను చూసిండు. మూతి వంకరపోయింది. కోపమనుకున్న. నవ్వు! ఆ నవ్వు చూసి మంగలాయన కత్తి పక్కన పెట్టిండు.

కండ్లు తుడుచుకుంట అన్నడు: "ముహూర్తం శ్రావణంలో వద్దండీ బావగారూ. అప్పటికి మీసాలు రావు. మార్గశిరంలో పెట్టుకుందాం."