యేసోబుకి ఇవ్వని పాసు

నేను మోస్తున్నది చూడ్డానికి పెద్ద బరువేమీ కాదు. రెండు చిన్న అబద్ధాలు. రెండూ కలిపినా పట్టుమని పది మాటలుండవు. తొమ్మిదేళ్లుగా వాటితోనే అన్నం తిన్నాను, పాఠాలు చెప్పాను, నలుగురినీ నవ్వించాను. పోయిన నెల మూడోది కలిసింది. ఇక మోయలేక మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందైతే దీన్ని కూడా జోకు చేసేస్తాను. నాకా అలవాటుంది.

మాది నరసరావుపేట. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. అప్పట్లో మా వీధికి ఒక ఫుట్‌బాల్ జట్టుండేది. జిల్లా లీగులో అట్టడుగు డివిజన్. మా కింద గడ్డి తప్ప ఇంకేమీ లేదని మేమే అనుకుని నవ్వుకునేవాళ్లం. మైదానంలో ఆ గడ్డి కూడా లేదు.

జట్టు మస్తాన్ మామది. ఆయనకి లేత్ షెడ్డు ఉండేది. గోల్‌పోస్టులు తన చేత్తోనే వెల్డింగ్ చేసి, రిక్షా మీద తెచ్చి పాతాడు. అందులో ఒకటి కాస్త ఎడమకి ఒరిగి ఉండేది. ఆ సంగతి అవతలి జట్టుకి చెప్పేవాళ్లం కాదు. ఆయన నాకు చుట్టమేమీ కాదు, ఒకే వీధి, అంతే. నన్ను ‘అల్లుడూ’ అనేవాడు. ఆడటం కంటే మాట్లాడటం బాగా వచ్చని నన్ను సెక్రటరీని చేశాడు.

ఆదివారం సాయంత్రం మ్యాచి అంటే జనం చుట్టూ గోడ కట్టినట్టు నిలబడేవాళ్లు. ఆటోవాళ్లు, మెకానిక్కులు, పత్తి మిల్లు హమాలీలు. టిక్కెట్టు లేదు, గేటు లేదు. హమాలీల మేస్త్రి యేసోబు, మామ ఈడువాడు, ఒరిగిన గోల్‌పోస్టు వెనక నిలబడి డప్పు కొట్టేవాడు. మేం గోల్ వేస్తే ఒక దరువు, మాకు పడితే ఇంకో దరువు. రెండోదే మాకు బాగా అలవాటు. ఆట మొదలయ్యే ముందు మామ మైదానం మధ్యలో నిలబడి, అటు తిరిగి చెయ్యెత్తేవాడు. డప్పు మోగేది. అది మోగాకే రిఫరీ విజిల్ వేసేవాడు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు ఇది. బయటి ఊళ్ల రిఫరీలు కూడా ఒకటి రెండు మ్యాచిలకి అలవాటుపడేవాళ్లు.

టిక్కెట్టు పెడదామన్నది నేను. పైనుంచి ఎవరూ అడగలేదు. ఊరికే దొరికేదానికి విలువుండదని క్లాసులో చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. మైదానం చుట్టూ పెళ్లిపందిరి గుడ్డలు కట్టించి, ఒక గేటు పెట్టి, ముందు వరసలో కుర్చీలు వేయిస్తే, మనదీ ఒక లీగులా ఉంటుందన్నాను. కమిటీ మీటింగులో దీన్ని ‘టికెటింగ్ పాలసీ’ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకెంత సంతోషం వేసిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మామ చాలాసేపు గడ్డం గీరుకుని, “నువ్వు చదువుకున్నోడివి గదా అల్లుడూ, నీ ఇష్టం” అన్నాడు. తర్వాత ఒక్కటే కోరాడు. “మొదటి పాసు మాత్రం మా యేసోబుకి ఇయ్యి.”

పాసుల గురించి చెప్పాలి. ఊళ్లో పెద్దమనుషులకి ఇవ్వడానికి గులాబీ రంగు అట్టమీద ‘గౌరవ అతిథి’ అని అచ్చు వేయించాను. మా ఊరి సంగతి నాకు తెలియనిదా? తెలిసే చేశాను. పాసు వచ్చినవాడు దాన్ని చొక్కా జేబులో పైకి కనపడేలా పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు, మ్యాచికి రాలేదు. పిలిచారన్నదే ఆయనకి ముఖ్యం, ఆట కాదు. పాసు రానివాడు అలిగాడు. టిక్కెట్టు కొనుక్కోగలిగినవాడు కూడా కౌంటరు దగ్గర ఎవరి కంటైనా పడితే ‘పాపం, ఈయనకి పాసు ఇవ్వలేదు’ అనుకుంటారని ఇంట్లోనే ఉండిపోయాడు. ఒక్క గులాబీ అట్టతో ఊరు మొత్తాన్ని ఇంట్లో కూర్చోబెట్టిన ఘనత నాది.

ఇవన్నీ నవ్వుతూ చెప్పుకోగలను. ఇక నవ్వలేనిది చెబుతాను.

మొదటి పాసు యేసోబు పేరున పక్కన పెట్టాను. నిజంగానే పెట్టాను. మ్యాచి రోజు పొద్దున ఒక లాయరు గారు కబురు పంపారు, తనకి పాసు రాలేదని. మిగిలింది అదొక్కటే. యేసోబు ఎలాగూ వస్తాడు గదా, ఎప్పుడూ వచ్చేవాడే గదా అనుకున్నాను. ఎప్పుడూ వచ్చేవాడికి గౌరవం అక్కర్లేదని నాకెవరు చెప్పారు? పాసు లాయరు గారింటికి వెళ్లింది. సాయంత్రం ఆయన కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది.

గేటు దగ్గర నేనే నిలబడ్డాను. యేసోబు వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. భుజాన డప్పు. వెనక హమాలీలు, వాళ్ల ఇళ్లవాళ్లు, ఓ నలభై మంది. ఆయన్ని ఊరికే వదిలితే ఆ నలభై మందినీ వదలాలి. అప్పుడిక నా పాలసీ ఏమవుతుంది?

“టిక్కెట్టు తీసుకోవాలి బాబాయ్.”

ఆయన నవ్వాడు. నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు. అందరూ అలాగే అనుకుంటారు, అది నేను సంపాదించుకున్న పేరు.

“ఏంది మాస్టారూ, డప్పుక్కూడా టిక్కెట్టా?”

“అందరికీ ఒకటే రూలు.”

నవ్వు ఆగింది. గుడ్డల సందులోంచి లోపలికి చూశాడు. మైదానం మధ్యలో మామ అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

“మస్తానే చెప్పాడా?”

లేదు, నా పని అనొచ్చు. ఒక్క నిమిషం ఆగు, ఆయన్ని పిలుస్తా అనొచ్చు. ఎండ ఉంది, ముఖ్య అతిథి కారు వచ్చే వేళయింది, నలభై మంది నా మొహమే చూస్తున్నారు. ఈ కారణాలన్నీ తర్వాత పోగుచేసుకున్నవి. ఆ క్షణంలో నాకు నా మీదికి రాకుండా ఉంటే చాలనిపించింది.

“ఆయనే చెప్పాడు.”

యేసోబు డప్పుని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని వెనక్కి తిరిగాడు. ఆయనతోపాటు అందరూ తిరిగారు. కొంతమంది చేతుల్లో టిక్కెట్టుకని తెచ్చుకున్న డబ్బులున్నాయి, అది నేను చూశాను. డప్పు కొట్టేవాణ్ణి బయట నిలబెట్టడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. కొత్తగా ఉన్నది ఆయన్ని లోపల నిలబడనిచ్చిన ఆ గోల్‌పోస్టు వెనక నాలుగడుగుల నేల ఒక్కటే. దానికీ నేను గేటు పెట్టాను. అది ఆ రోజు నాకు తెలియలేదని మీతో అనగలిగితే బాగుండేది.

లోపల మామ చెయ్యెత్తాడు. డప్పు మోగలేదు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాంతో తల గోక్కున్నాడు. రిఫరీ విజిల్ వేశాడు.

హాఫ్‌టైములో నా దగ్గరికొచ్చి, “యేసోబు రాలా?” అన్నాడు. నేను రెండోది చెప్పాను. “ఆట బాగుండట్లేదంట మామా, విసుగొచ్చిందంట.” ఎందుకలా అన్నాను? ఒంట్లో బాగాలేదంటే ఆయన చూడ్డానికి వెళ్తాడు. ఊళ్లో లేడంటే మర్నాడు మిల్లు దగ్గర కనపడతాడు. ఆయన వెళ్లి అడగకుండా ఉండే జవాబు అదొక్కటే. అంత తొందరలోనూ దాన్నే ఏరుకున్నాను. చదువుకున్నవాణ్ణి గదా.

ఇద్దరిలో ఎవరో ఒకరు రెండోవాణ్ణి నేరుగా అడిగి ఉంటే పది నిమిషాల్లో నా గుట్టు బయటపడేది. అడగలేదు. మా పలనాట్లో రోషం నీళ్లకంటే తేలిగ్గా దొరుకుతుంది. నా ఆటే వద్దన్నవాణ్ణి నేనేం బతిమాలతానని ఒకరు, గేటు బయట నిలబెట్టినవాడి గడప నేనేం తొక్కుతానని ఒకరు. టీకొట్టు దగ్గర ఎదురుపడితే చెరో దిక్కూ చూసేవాళ్లని విన్నాను. విని నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాను. అది కూడా ఒప్పుకోవాల్సినదే.

మరుసటి సీజనుకి గుడ్డలు విప్పించాను, గేటు తీసేశాను, ఉచితమని ఆటోలో మైకు పెట్టి చెప్పించాను. ఎవరూ రాలేదు. అలవాటుగా వచ్చే జనం ఒకసారి ఆగితే మైకు పెట్టి పిలిచినా రారని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మామ మాత్రం తన ఆటలోనే లోపముందనుకున్నాడు. ఎప్పటినుంచో ఆడుతున్న కుర్రాళ్లని మార్చాడు. పొద్దున్నే లేపి పరిగెత్తించాడు. చివరికి ఒరిగిన గోల్‌పోస్టుని కూడా పీకి తిన్నగా పాతాడు. ఆ రోజు చెప్పాల్సింది. పాతడానికి సాయం పట్టాను గాని చెప్పలేదు. ఆ ఏడాదితో జట్టు ఆగిపోయింది. “జనానికి నచ్చని ఆట ఎంతకాలం ఆడతాం అల్లుడూ” అన్నాడు. పోస్టులు మళ్లీ షెడ్డుకి తీసుకుపోయి కోసేశాడు. ఆ ఇనుముతో ఎవరింటికో గేటు చేశాడు.

పోయిన నెల మస్తాన్ మామ చనిపోయాడు. గుండె. ఖబరస్తానులో మట్టి వేసి బయటికొస్తుంటే రోడ్డు మీద యేసోబు కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు. డప్పు లేదు. లోపలికి రా బాబాయ్ అన్నాను. ఇక్కణ్ణుంచి కనపడతానే ఉంది లే అన్నాడు.

వెళ్లబోతూ అడిగాడు, నావైపు చూడకుండా. మస్తాను తన గురించి ఎప్పుడన్నా అడిగాడా అని.

లేదు బాబాయ్ అన్నాను.

అవునంటే మరి ఎందుకు పిలవలేదని అడుగుతాడు. ఆ తర్వాతి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబు నేను. తల ఊపి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మిల్లు దాకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ గేటు ముందు నిలబడి తిరిగొచ్చాను. మూడోసారి వెళ్తానో లేదో తెలియదు. వెళ్తానని మీకు మాటిస్తే అది నాలుగోది అవుతుందేమో. మీరు క్షమించాలని కూడా అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆయనకి చెప్పాల్సింది ఇక్కడ రాశాను, అంతే. అందుకే కాస్త ఊపిరాడుతోంది.

అడిగాడు బాబాయ్. చెయ్యి ఎత్తబోయి, దించుకుని, ప్రతి ఆదివారం అడిగాడు.