ఒక్క మంచం రిహార్సల్

వెర్నా టాలెఫ్సన్‌కి ఈ లోకంలో పడనిది ఒక్కటే: మొదటిసారి. ఎవరైనా ఏ పనైనా మొదటిసారి చేస్తున్నారని తెలిస్తే చాలు, ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. "మొదటి పాన్‌కేక్ ఎప్పుడైనా బాగా వచ్చిందా? కుక్కకి తప్ప పనికొస్తుందా? మనిషి బతుకూ అంతే. ఏదైనా రెండోసారే చెయ్యాలి" అనేది. మరి మొదటిసారిని ఏం చేస్తాం? దాన్ని రిహార్సల్ కింద తీసిపారెయ్యాలి. ఇదీ ఆవిడ వేదాంతం.

అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న చేల నడుమ నార్బీ అనే ఊరు. ఆ ఊరి బడిలో వెర్నా చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేసింది. సుడిగాలి వస్తే పిల్లలు నేలమాళిగలోకి ఎలా దిగాలో నేర్పడం కూడా ఆవిడ పనే. చేతిగంట కొట్టేది, పిల్లలు పరిగెత్తేవాళ్ళు, "బాగా రాలేదు, మళ్ళీ!" అనేది. పసివాళ్ళని కాల్చుకు తింటోందని తల్లిదండ్రులు ఆడిపోసుకున్నారు. ఓ వసంతంలో నిజంగానే సుడిగాలి వచ్చి బడి పైకప్పుని ఎగరేసుకుపోయింది. నేలమాళిగలో ఉన్న పిల్లల్లో ఒక్కరికి కూడా చిన్న గీత పడలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆవిడకి ఎదురు చెప్పే మొనగాడు లేడు. ఉద్యోగం మానేసినా గంట మాత్రం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

దాంతో ఊరు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పాస్టర్‌గారి పుట్టినరోజుకి ఆయనకి తెలియకుండా విందు చెయ్యాలనుకున్నారు. వెర్నా ముందురోజు ఆయన్నే పిలిపించి, తలుపు దగ్గర నిలబెట్టి, "ఇంకాస్త ఆశ్చర్యపోండి పాస్టర్‌గారూ! నోరు తెరవండి. మరీ అంత కాదు, ఈగలు దూరతాయి" అని పొద్దు గుంకేదాకా సాధించింది. మర్నాడు ఆయన పడ్డ ఆశ్చర్యానికి ముందు వరసలో ఉన్న ముసలావిడ జడుసుకుంది.

పోనీ సొంత మొగుణ్ణయినా వదిలిందా? ఓలీ బతికుండగానే ఆయన అంత్యక్రియలకి రిహార్సల్ పెట్టింది. ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఎవరెవరు తన గురించి ఏమంటున్నారో వింటూ, మధ్యలో లేచి శాండ్‌విచ్ తిని, మళ్ళీ పడుకున్నాడు. "ఆ ట్రాక్టర్ల డ్వేన్ నన్ను సరిగ్గా పొగడలేదు, ఇంకోసారి చెప్పించు" అని పేచీ కూడా పెట్టాడు. కొన్నేళ్ళకి ఓలీ నిజంగా పోయినప్పుడు కార్యక్రమం నల్లేరు మీద బండిలా నడిచిపోయింది. కాకపోతే శాండ్‌విచ్‌ల పళ్ళెం బయటికి రాగానే జనమంతా ఓసారి శవపేటిక వైపు చూశారు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఆర్విడ్, లోవెల్ తమంత తాముగా వెళ్ళి రోట్లో తల దూర్చారు.

ఆర్విడ్ చీజ్ తయారుచేసే చోట పనిచేసి మానినవాడు. లోవెల్ చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఊరు వాళ్ళని "ఆ బ్రహ్మచారులు" అనేది, ఆ పైన ఇంకో మాట అడిగేది కాదు. నార్బీలో అడగకపోవడమే మర్యాద. ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది, ఆర్విడ్ నోరే ఇంకా ఒప్పుకోలేదు. ఎక్కడికి వెళ్ళినా హోటల్ వాళ్ళు అడక్కముందే "రెండు మంచాల గది ఇవ్వండి. ఇతను మా బాబాయి కొడుకు" అనేవాడు. ఓసారి ఒమాహాలో రెండు మంచాల గదులు అయిపోయాయి. ఒక్క మంచమున్న గదే మిగిలింది, పర్లేదా అన్నారు. పర్లేదనడానికి భయపడి, ఆర్విడ్ వెళ్ళి తెల్లవార్లూ కారులో పడుకున్నాడు. ఆ పెద్ద మంచం మీద లోవెల్ ఒక్కడే పడుకున్నాడు. ఆ సంగతి లోవెల్ మర్చిపోలేదు.

అందుకే ఇద్దరూ కలిసి ఉండడం మొదలై నలభయ్యో ఏడు నిండుతోందనగా షికాగో వెళదామన్నాడు. "అక్కడ మనలాంటివాళ్ళ పేట ఉందిట. వీధి పొడుగునా ఇంద్రధనుస్సు రంగుల స్తంభాలుట. ఒక్కసారి నీ చెయ్యి పట్టుకుని వీధిలో నడవాలని ఉంది ఆర్విడ్" అన్నాడు. తరవాత గొంతు మార్చి, "అక్కడ కూడా రెండు మంచాలన్నావో, నేను నార్బీ రాను. అటునుంచటే మా చెల్లెలింటికి పోతాను. అక్కడే ఉండిపోతాను" అన్నాడు. లోవెల్ ఊరికే అనే మనిషి కాదు. ఆర్విడ్ సరేనన్నాడు.

వెర్నా మేనకోడలు కిట్ తన భార్యతో ఆ పేటలోనే ఉంటుంది. కిట్ ద్వారా మంచి హోటల్ పేరు కనుక్కుందామని ఇద్దరూ వెర్నా దగ్గరికి వెళ్ళారు. వెర్నా అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"రిహార్సల్ ఎప్పుడు?"

"ప్రయాణానికి రిహార్సల్ ఏమిటి వెర్నా? బస్సెక్కడమేగా!" అన్నాడు ఆర్విడ్.

"ఇంతకు ముందు ఎక్కడైనా ఒక్క మంచం అడిగావా?"

"లేదు."

"అంటే మొదటిసారి" అంది వెర్నా, పాము పేరు చెప్పినట్టు.

మర్నాటి నుంచి చర్చి నేలమాళిగ షికాగో అయిపోయింది. చీపుళ్ళు పెట్టుకునే గది లిఫ్టు. ఇద్దరూ పెట్టెలతో సహా అందులో ఇరుక్కుని నిలబడితే, బయట నుంచి వెర్నా "మూడో అంతస్తు... నాలుగో అంతస్తు..." అని అరిచేది. తొమ్మిదో అంతస్తు వస్తే గానీ తలుపు తీసేది కాదు. షికాగోలో గాలి ఎక్కువని ధాన్యం ఆరబెట్టే పంకా తెచ్చి మొహాల మీదికి తిప్పింది. లోవెల్ టోపీ ఎగిరి కాఫీ గిన్నెలో పడింది. సరస్సు కోసం పసిపిల్లల నీళ్ళతొట్టి పెట్టి, "దీని ఒడ్డున ప్రేమగా నడవండి" అంది. నాలుగడుగులు వేస్తే సరస్సు అయిపోయేది. దాని చుట్టూ తిరిగి తిరిగి వాళ్ళకి కళ్ళు తిరిగాయి. ఇవి చాలవన్నట్టు తన ఇంటి కంచె గుంజలన్నిటికీ ఇంద్రధనుస్సు రంగులు పూసింది. "అక్కడి స్తంభాలు చూసి బెదిరిపోకూడదు కదా!" అంది.

అన్నీ బాగానే ఉండేవి. హోటల్ బల్ల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయేది.

"ఎన్ని మంచాలండీ?" అనేది వెర్నా, గుమాస్తా గొంతు పెట్టి.

"రెం..."

గంట మోగేది. "మళ్ళీ!"

"ఒకటి. దాని పక్కన ఇంకొకటి."

గంట. "మళ్ళీ!"

"మీ దగ్గర ఎన్నుంటే అన్ని ఇవ్వండి."

గంట.

లోవెల్ పెట్టె పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు ఆర్విడ్‌కి గంట కంటే గట్టిగా తగిలేది.

"తప్పు నాదే" అంది వెర్నా చివరికి. "ఆడించేవాళ్ళే వేషం కడితే నాటకం పండుతుందా? నటులు కావాలి." ఆదివారం ప్రార్థన అవగానే లేచి నిలబడి, "షికాగో నాటకానికి హోటల్ గుమాస్తా, టాక్సీ డ్రైవరు, వడ్డించేవాడు కావాలి. నిమ్మకాయ కేకు పెడతాను" అని ప్రకటించేసింది.

ఆర్విడ్ లబోదిబోమన్నాడు. "ఊరంతా తెలిసిపోతుంది వెర్నా! దీనికంటే నన్ను చంపెయ్యి!"

"నాటకంరా అబ్బాయ్! రాజు వేషం కట్టినవాడింటికి వెళ్ళి ఎవరైనా మాన్యాలడుగుతారా?"

గుమాస్తా వేషానికి వచ్చినవాణ్ణి చూసి ఆర్విడ్ పై ప్రాణాలు పైనే పోయాయి. ట్రాక్టర్లు బాగుచేసే డ్వేన్. ఎద్దులాంటి మనిషి. ఏటా కలిసి చేపల వేటకి వెళతారు, అయినా ఊళ్ళో ఆర్విడ్ అందరికంటే ఎక్కువ జంకేది అతనికే. డ్వేన్ నెత్తిన విత్తనాల కంపెనీ టోపీ, మెడలో టై పెట్టుకుని బల్ల వెనక నిలబడ్డాడు. కేకు కోసం వచ్చిన జనంతో నేలమాళిగ కిటకిటలాడింది.

"ఎన్ని మంచాలు?" అన్నాడు డ్వేన్.

ఆర్విడ్ పక్కకి చూశాడు. లోవెల్ ఈసారి అతని వైపు చూడడం లేదు. పెట్టె పిడి వైపు చూస్తున్నాడు. ఏమంటాడో నాకు తెలుసులే అన్నట్టుంది ఆ మొహం. ఒమాహాలో తెల్లారి కారు దగ్గరికి వచ్చినప్పుడు కూడా అదే మొహం.

"ఒకటి" అన్నాడు ఆర్విడ్. "ఒక్క మంచం చాలు. ఈయన... ఈయన మా ఆయన."

డ్వేన్ చెప్పాల్సిన మాట మర్చిపోయాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"చేపల వేటకి వెళ్ళినప్పుడల్లా నీ గురకతో చస్తున్నానయ్యా ఆర్విడ్" అన్నాడు. "నేను రెండు రాత్రులకే నీరుగారిపోతాను. లోవెలూ, నలభై ఏళ్ళుగా ఆ మంచం మీద ఎలా పడుకుంటున్నావు బాబూ? చెవుల్లో దూది పెట్టుకుంటావా?"

"దూది ఆగదు. మైనం" అన్నాడు లోవెల్. మూతి నవ్వుతోంది. నేలమాళిగ గొల్లుమంది.

గంట ఖంగుమంది. "డైలాగు తప్పు! మళ్ళీ!"

ఆ సాయంత్రం టాక్సీ డ్రైవరుకి, వడ్డించేవాడికి, పక్కగదిలో దిగిన ముసలమ్మకి, కేకు కోసం వచ్చిన ప్రతివాడికీ ఆర్విడ్ "ఈయన మా ఆయన" అని చెప్పాల్సి వచ్చింది. వెర్నాకి ఒక్కటీ నచ్చలేదు. చెప్పగా చెప్పగా చివరికి, ఈ ఏడు వానలు బాగున్నాయన్నంత తేలిగ్గా చెప్పేశాడు.

ప్రయాణం రోజు రానే వచ్చింది. షికాగో హోటల్లోకి ఆర్విడ్ యుద్ధానికి వెళ్ళినట్టు వెళ్ళాడు. బల్ల వెనక ఆకుపచ్చ జుట్టు పిల్ల తలెత్తి నవ్వి, తాళం చేతిలో పెట్టింది.

"అడగవా?" అన్నాడు ఆర్విడ్.

"ఏమిటండీ?"

"ఎన్ని మంచాలని."

"ఒకటే కదండీ. మీరు ముందే చెప్పారుగా."

"చెబితే చెప్పాం. నువ్వు అడుగమ్మా!"

ఆ పిల్ల లోవెల్ వైపు చూసింది. "అడిగెయ్యి తల్లీ, లేకపోతే ఆయన కదలడు" అన్నాడు లోవెల్.

"ఎన్ని మంచాలు కావాలండీ?"

"ఒక్కటి!" అని ఆర్విడ్ గర్జించాడు. "ఈయన మా ఆయన!"

ఎవరూ వెనక్కి తిరగలేదు. వరసలో వెనకున్న ఇద్దరు బట్టతల మగవాళ్ళలో ఒకడు ఆవలించి, "మాకూ ఒక్కటే, కాస్త తొందరగా కానివ్వండి" అన్నాడు.

"అంతేనా?" అన్నాడు ఆర్విడ్, నిరుత్సాహంగా.

ఆ సాయంత్రం అసలు సరస్సు ఒడ్డున, ఓ చేత్తో గాలికి ఎగరకుండా టోపీలు, ఇంకో చేత్తో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. ఎంత నడిచినా సరస్సు అయిపోలేదు. లోవెల్ మొహం చూస్తుంటే ఆర్విడ్‌కి సంతోషంతో ఏం చెయ్యాలో తోచక వెర్నాకి ఫోను చేశాడు.

"వెర్నా, ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు!"

"తెలుసు. అక్కడ ఎవరూ అడగరని కిట్ మొదటిరోజే చెప్పింది."

"తెలిసే నన్ను చీపుళ్ళ గదిలో కుక్కావా?"

"ఒరే ఆర్విడ్, షికాగోలో నువ్వుండేది నాలుగు రోజులు. బతకాల్సింది నార్బీలో. డ్వేన్ మొహం మీద చెప్పావా లేదా?"

ఫోనులో వెనక నుంచి ఏదో గోల, అందులో డ్వేన్ గొంతు.

"అక్కడేం జరుగుతోంది?"

"నీకెందుకు?" అని, అటు తిరిగి "మళ్ళీ!" అంటూ ఎవరినో కసిరి, వెర్నా ఫోను పెట్టేసింది.

తిరుగు బస్సు నార్బీ పెట్రోలు బంకు ముందు ఆగింది. అలవాటు ప్రకారం ఆర్విడ్ ముందు దిగాడు, లోవెల్ నాలుగడుగుల వెనక, ఎవరికెవరో అన్నట్టు. తలెత్తి చూస్తే ఊరంతా అక్కడే ఉంది. పాస్టర్‌గారు నోరు సరిగ్గా కావలసినంతే తెరిచి ఆశ్చర్యపోతున్నారు. డ్వేన్ మెడలో టై ఉంది. అతని చేతిలో నిమ్మకాయ కేకు, దాని మీద క్రీముతో గీసిన మంచం.

గంట మోగింది.

"తప్పు!" అంది వెర్నా. "మేమిక్కడ రిహార్సల్ చేసి చేసి చస్తుంటే, దిగే తీరు ఇదా? చేతులు పట్టుకుని దిగాలి. ఎక్కండి, ఎక్కండి. మళ్ళీ!"

ఇద్దరూ మళ్ళీ బస్సెక్కారు. మెట్టు మీద ఆర్విడ్ ఆగాడు. ఇది షికాగో కాదు. ఇక్కడ అందరూ అందరికీ తెలుసు. చెయ్యి చాపాడు. లోవెల్ పట్టుకున్నాడు. ఇద్దరూ దిగారు.

వెర్నా గంట ఎత్తింది గానీ మోగించలేదు. ముక్కు ఎగబీల్చి, "ఊఁ, ఫరవాలేదు" అంది. ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్ళు నార్బీలో అంతవరకూ లేరు.

కానీ ఆర్విడ్ ఒప్పుకోలేదు.

"నాకు బాగా రాలేదు వెర్నా" అన్నాడు, లోవెల్ చెయ్యి వదలకుండా. "ఇంకోసారి దిగుతాం."

బస్సు డ్రైవరు తల పట్టుకుని, మళ్ళీ తలుపు తీశాడు.