పొయ్యి మీద గంప

మా బావ గుమ్మానికి కొట్టిన నీలం రేకు ఇంటి నంబరు చూస్తే నాకీ వయసులోనూ కడుపు మండుతుంది. పండగొస్తే దానికి పసుపు రాస్తాడు కూడాను.

డెబ్బైల్లో మా ఊరు పద్మనాభం నుంచి పట్నం వచ్చి పోర్టులో బరువులు మోసే కలాసీ పనికి కుదిరాక, నేనూ మా అక్క మొగుడూ జాలరిపేట వెనక బంజరులో ఒకే పాక వేసుకున్నాం. మధ్యన తడిక. అటు వాళ్ల పొయ్యి, ఇటు మాది. ఇంటిపన్ను వేయడానికి మనిషి వస్తున్నాడనీ, ఎన్ని పొయ్యిలుంటే అన్ని కాపురాలుగా రాసుకుంటాడనీ పేటంతా చెప్పుకున్నారు.

నేను బడికి వెళ్లినవాణ్ణి కాను, లైబ్రరీలో కూర్చుని చదువు నేర్చుకున్నవాణ్ణి. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు పల్లెల్లో రాజు పొయ్యికింతని పన్ను వేస్తే, కొందరు పొయ్యిలకు అడ్డంగా ఇటుకలు పేర్చి దాచేశారట. ఆ తెలివి నాకు తెగ నచ్చింది. పన్ను మనిషి వచ్చే పొద్దున మా పొయ్యి ఆర్పి, పైన గంప బోర్లించాను.

"పొయ్యి లేదంటే మనమూ లేనట్టే గదేటి?" అంది మా ఆవిడ.

"నువ్వూరుకో. నాను సదివాను," అన్నాను.

పన్ను మనిషి అడిగితే ఒకటే కాపురం, బావదేనని చెప్పాను. కాగితం బావ పేరున రాశాడు. ఏటా బావ పన్ను కట్టి వస్తుంటే, "కట్టు బావా, కట్టు!" అని నవ్వేవాణ్ణి.

ఎనభైల్లో అక్కడ రోడ్డు వేస్తామని పాకలు పీకించారు. పన్ను రసీదున్నవాళ్లకే వేరేచోట స్థలం ఇచ్చారు. బావకొచ్చింది. సిమెంటు గోడలు లేచాయి, కరెంటు వచ్చింది. పదేళ్లు అక్కడే వండుకు తిన్న నేను ఎవణ్ణీ కాకపోయాను! పేదవాడు ఉన్నాడనడానికి పన్ను కాగితమే సాక్ష్యమని ఏ పుస్తకమైనా చెప్పిందా?

"ఏటి బామ్మర్దీ, లైబ్రరీవోళ్లు తలం ఇచ్చారేటి?" అన్నాడు బావ. అక్క బతిమాలితే పెరట్లో ఒక గది ఇచ్చాడు.

కొన్నాళ్లకు ఆ వీధికీ పన్ను మనిషి వచ్చాడు. గిన్నెలో వేయడానికి గింజ లేకపోయినా పొయ్యి రాజేసి, పెరడంతా పొగ పెట్టాను. అతను దగ్గుకుంటూ, "ఇక్కడ రెండు కాపురాలా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా బావ మీసం దువ్వుకున్నాడు.

"ఒకటేనండి. మా బామ్మర్ది సదువుకున్నోడు. ఎప్పుడో ఆడే సెప్పాడు."