వణకని ముల్లు

ఆ రోజుల్లో నాకు భయపడటమే ఉద్యోగం. మాటవరసకు అనడం లేదు, జీతమిచ్చి మరీ భయపడమన్నారు. సూర్యాపేటలో డిగ్రీ ముగించి, కోదాడలో ఇంటిపట్టున కూర్చుని అమ్మ చేత తిట్లు తింటున్న నన్ను, నాన్న స్నేహితుడొకాయన మిర్యాలగూడలోని తన రైస్ మిల్లులో పెట్టుకున్నాడు. వడ్లు ఉడికించే ఆవిరి కోసం అక్కడొక పెద్ద బాయిలరు, దానికి గోడ గడియారమంత ప్రెషర్ మీటరు. "ముల్లు ఎర్రగీత దాటకుండ సూస్కో. దాటిందంటే మిల్లూ ఖతం, మనమూ ఖతం" అన్నాడు సేటు మొదటిరోజే. ఆ ముల్లు ఎప్పుడూ గజగజ వణికేది. దాన్ని చూస్తూ నేనూ వణికేవాణ్ణి. అన్నం సహించేది కాదు (అమ్మ ఫోన్లో అడిగితే మాత్రం కడుపునిండా తిన్నాననే చెప్పేవాణ్ణి).

ఒక ఉదయం డ్యూటీకి వెళ్ళేసరికి ముల్లు వణకడం లేదు. కళ్ళు నులుముకుని దగ్గరికెళ్తే అద్దం లోపల నిండా నీళ్ళు! మీటరు చెడిపోయింది, ఆవిరి ఎంతుందో ఇక దేవుడికే తెలియాలి. "బాయిలరు పేలిపోద్ది! అందరూ బయటికి ఉరకండి!" అని అరిచాను. పొయ్యిలోకి ఊక ఎగదోసే మామ చేతిలోని పార పడేసి, ఎందుకు ఏమిటని అడగకుండా అందరికన్నా ముందు పరుగెత్తాడు. హమాలీలు, వడ్లు ఆరబోసే అక్కలు, లారీ డ్రైవర్లు అతని వెనకాలే రోడ్డెక్కారు.

సేటు మాత్రం లోపలికి వచ్చాడు. "ఏమైందిరా?"

"మీటర్లోకి నీళ్ళొచ్చినయ్ సార్. ముల్లు కదలట్లేదు."

"నీళ్ళు గాదుర, గ్లిజరిన్! సిక్కగ ఉంటది, ముల్లును వణకనియ్యది. నిన్న నువ్వు పోయినంక నేనే కొత్త మీటర్ పెట్టించిన."

"గ్లిజరినా? మా అమ్మ మడమల పగుళ్ళకి రాసుకుంటదే, అదా?"

"గదే. దగ్గుమందుల గదే, కేకుల గదే. నువ్వు సదివింది కెమిస్ట్రీ గాదా?"

(చదివాను. పరీక్షలో దాని పుస్తకాల పేరు గ్లిసరాల్ అని రాసి, బొమ్మ గీసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. రంగూ వాసనా లేని, తియ్యటి, చిక్కటి ద్రవమని బట్టీ పట్టినవాణ్ణి, తీరా ఎదురుపడితే నీళ్ళనుకున్నాను.)

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. సేటు ఖాళీ మిల్లును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "అందర్ని బయటికి పంపి నువ్వొక్కనివే గీడ ఎందుకున్నవ్?"

"ఉరుకుదామనే అనుకున్నా సార్. కాళ్ళు రాలేదు."

సేటు నవ్వాపుకోలేక పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు. "ఇగ పో, అందర్ని పిల్సుకరా" అన్నాడు చివరికి. నాకప్పటికీ కాళ్ళు రాలేదు, ఆయనే వెళ్ళి పిలుచుకొచ్చాడు.

ఇప్పుడు నేనే ఒక మిల్లు చూసుకుంటున్నాను. ఎక్కడైనా ఢామ్మని చప్పుడైతే అందరూ తలోదిక్కు పరుగెడతారు, నేను మాత్రం ఉన్నచోటే నిలబడతాను. "మా సారుకు ఎంత ధైర్యమో!" అని కొత్తగా చేరిన పిల్లలు చెప్పుకుంటారట. వింటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. కాళ్ళ సంగతి వాళ్ళకు తెలియదు.