స్పీకర్ల కింద ఇటుకలు

మొన్న తిరుపతిలో రక్త పరీక్షకు వెళ్తే, నర్సు స్పిరిట్‌లో ముంచిన దూదిని నా చేతికి రాయగానే, ఆ చల్లని ఘాటు వాసన నన్ను బంగారుపాళ్యంలోని మా రేకుల ఇంటికి, టేప్‌రికార్డరు ముందు గొంతుక్కూర్చుని దూదితో దాని హెడ్ తుడుస్తున్న నాయన దగ్గరికి తీసుకుపోయింది.

ఆ టేప్‌రికార్డరు అమ్మ కువైట్ నుంచి పంపింది. నా చిన్నతనంలోనే ఆమె అక్కడ ఒకరింట్లో పనికి కుదిరింది. రాయడం రాదు కాబట్టి, క్యాసెట్టులో మాటలు నింపి, సెలవుకు ఊరొచ్చేవాళ్ల చేత పంపేది. నాయన గుజ్జు ఫ్యాక్టరీకి మామిడికాయల ట్రాక్టరు తోలేవాడు. ఎండాకాలమంతా ఊరి మీద పులిసిన తీపి వాసన కమ్ముకుని, ఆడపిల్లలు అరుగుల మీద అచ్చనగాయలు ఆడుతూ, ఇంటింటా సంగటి గెలికే చప్పుడు లేస్తూ ఉంటే, నేను గడపలో కూర్చుని ట్రాక్టరు కోసం చెవులు రిక్కించుకునేదాన్ని. నాయన వచ్చి, సంగటి ముద్దకు ఊరిబిండి పచ్చడి అద్ది నాకు తినిపించాక, ఇద్దరం అమ్మను వినేవాళ్లం.

కానీ అమ్మ గొంతు కుండలోంచి వచ్చినట్టుండేది. పైన రేకులు, కింద సిమెంటు నేల, మూలలకు ఆనించిన రెండు స్పీకర్ల గుబగుబలో సగం మాటలు మునిగిపోయేవి.

"సరిగా ఇనపడలే నాయనా," అంటే, "ఉండుమే, సూస్తా," అనేవాడు.

వానలు మొదలై ఫ్యాక్టరీ మూతపడ్డాక నాయనకు అదే పని. హెడ్ తుడిచాడు. స్పీకర్లను మూలల నుంచి ముందుకు జరిపి, కింద ఇటుకలు పేర్చి మా చెవుల ఎత్తుకు లేపాడు. బేస్ తగ్గించాడు. మోత తగ్గాలని అమ్మ కుట్టిన బొంతను ఎదురుగోడకు మేకులు కొట్టి వేలాడదీశాడు. ఒక్కొక్కటి మార్చి, అదే క్యాసెట్టు మళ్లీ వేసి, "ఇప్పుడో?" అని నా మొహంలోకి చూసేవాడు.

వీధంతా కాణిపాకం తరలిపోయిన వినాయక చవితి నాడు, ఎదురింటివాళ్లు పెట్టిపోయిన కుడుములు తింటూ మళ్లీ విన్నాం.

"సుగుణా, నేనీడ బాగుండాను. కడుపు నిండా తింటా ఉండా. మీ నాయన్ని ఇసిగించబాక."

ఆ మాటలు మాకు కంఠతా వచ్చినవే. వాటి మధ్య ఉన్నది ఇప్పుడు వినపడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మింగిన ఎక్కిళ్లు. చివర్లో, దూరంగా ఎవరో అర్థంకాని భాషలో కసిరిన కేక, ఆ వెంటనే టక్కున బటన్ నొక్కిన చప్పుడు.

"అమ్మ ఏడస్తా ఉండాది," అన్నాను.

నాయన టేపు ఆపాడు. "అవునుమే. ఇన్నాళ్లూ మనకి ఇనపడలే," అన్నాడు.

అమ్మకు పంపే క్యాసెట్లలో ఎప్పుడూ నాచేతే మాట్లాడించే మనిషి, ఆ సాయంత్రం ఖాళీ క్యాసెట్టు పెట్టి మైకు దగ్గరికి తానే వంగాడు. "లచ్చిమీ, ఆడ ఉండొద్దు, వచ్చేయ్. గంజి అయినా ముగ్గురం తాగుదాం."

మామిడి పూత దశలో అమ్మ వచ్చింది. సగమైపోయి వచ్చింది. అక్కడి సంగతి ఒక్కటీ చెప్పలేదు. గోడ మీది బొంత దించి నాకు కప్పి, క్యాసెట్లన్నీ నాయన ముందు పెట్టింది.

"ఇవి ఇంకెవురూ ఇనగూడదు."

నాయన ఒక్కో క్యాసెట్టూ చెరిపేస్తుంటే నేను అడ్డుచెప్పలేదు. అమ్మ పక్కనే ఉంది కదా, క్యాసెట్లెందుకు అనుకున్నాను.

ఇప్పుడు ఇద్దరూ లేరు. తిరుపతిలో నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో మంచి స్పీకర్లున్నాయి. పాడేవాళ్లు ఊపిరి పీల్చడం కూడా తెలుస్తుంది. అమ్మ గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆమె "సుగుణా" అని పిలిచేటప్పుడు చివర ఎంతసేపు సాగదీసేదో ఈమధ్య గుర్తు రావడం లేదు. అడుగుదామంటే, ఆ పిలుపు విన్నవాళ్లెవరూ మిగల్లేదు.